గొనారియోకి కనపడని పందులు

బకీజియో మురు తన జన్మలో ఒక్క అడవిపందినైనా చంపలేదు. అయినా ఒర్రూలే ఊళ్లో అతన్ని మించిన వేటగాడు లేడని అతనంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకుంటారు.

అతనికి తుపాకీ లేదు. వాళ్ల నాన్నకీ ఉండేది కాదు. వేసవంతా బకీజియో సీసా బిరడాలకి పనికొచ్చే కార్కు చెట్ల బెరడు ఒలిచేవాడు. ఒలిచిన బోదెలు ఎర్రగా, అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటిలా ఉండేవి. వాటి నీడలోనే తిని, వాటి నీడలోనే పడుకునేవాడు. నవంబరు రాగానే కుక్కల్ని తీసుకుని కొండెక్కేవాడు. సార్డీనియా దీవి నడుమ ఆ కొండల్లో వేట జట్టంటే పాతిక తుపాకులు, ఒక గొంతు. తుపాకులవాళ్లు తలా ఒకచోట కాపు కాస్తారు. ఆ గొంతు బకీజియోది. కింద లోయలో కుక్కల్ని వదిలి, ముళ్లపొదల్లోంచి కేకలేస్తూ, రాళ్లు దొర్లిస్తూ పందిని వాళ్ల మీదికి తోలుకొచ్చేవాడు. పంది ఏ రాతి పక్కన ఆగి చెవులు రిక్కిస్తుందో, ఏ వాగు దగ్గర మనసు మార్చుకుంటుందో అతని పాదాలకి తెలుసు.

ఒకసారి బెరడు కొనడానికి నగరం నుంచి వచ్చిన వ్యాపారి పగలబడి నవ్వాడు. "ఒక్కటి కూడా కొట్టలేదా? మరి నువ్వేం వేటగాడివయ్యా?"

"తుపాకీ పేలిందంటే నా పండగ అయిపోయినట్టే బాబూ," అన్నాడు బకీజియో. "తర్వాత మిగిలేది కూర. కూర మా ఆవిడ చూసుకుంటుంది."

అతని కుక్కల్లో లూగే అని ఒకటుండేది. వాళ్ల మాటలో లూగే అంటే వెలుగు. తెల్లటి ఆడకుక్క, మెడలో చిన్న ఇత్తడి గంట. పందిని చూసి అరిచే అరుపు వేరు, పందిని తరుముతూ అరిచేది వేరు, పంది రాతికి వీపానించి ఎదురు తిరిగినప్పుడు అరిచేది వేరు. కొండ మీద కాపు కాస్తున్నవాళ్లు ఆ గొంతు విని, కళ్లు మూసుకునే కిందేం జరుగుతోందో చెప్పేవాళ్లు.

నాలుగు చలికాలాల కిందట, ఒక డిసెంబరు ఆదివారం, గొనారియో పీరా దాన్ని రెండు చేతుల మీద మోసుకుంటూ పొదల్లోంచి వచ్చాడు.

"పంది కోర దిగింది బావా," అని ఏడ్చాడు. "నా కళ్ల ముందే."

గొనారియో అతనికి చిన్ననాటి స్నేహితుడు. బకీజియో కూతురికి చర్చిలో పేరు పెట్టినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. గురిలో మొనగాడినని గొనారియోకి పెద్ద పేరు. "రెండు చెవులూ కనపడందే నేను తుపాకీ ఎత్తను," అని ముప్పై ఏళ్లుగా ప్రతి సారాకొట్లోనూ చెప్పుకున్నాడు.

బకీజియో కుక్కని ఇంటికి తెచ్చి, పెరట్లో అంజూరపు చెట్టు కింద నీళ్లు పోసి గాయం కడిగాడు. గాయం గుండ్రంగా ఉంది. కోర అయితే చీరుస్తుంది. సీసం తొలుస్తుంది. వేలు పెట్టి చూస్తే గుండు తగిలింది. దాన్ని బయటికి తియ్యలేదు. లూగేతో పాటే మట్టిలో పెట్టాడు.

కుక్కని కాల్చడం ఒర్రూలేలో క్షమించరాని తప్పేం కాదు. పొద కదులుతుంది, వేలు ఆగదు. అందరికీ తెలిసిందే. కాల్చినవాడు ఆ సాయంత్రమే, మాంసం పంచే మంట దగ్గర లేచి నిలబడి, "నేనే కాల్చాను" అనాలి. వేటకాలం ముగిసేలోగా ఒక కుక్కపిల్లని తెచ్చివ్వాలి. ఇద్దరూ ఒకే గిన్నెలో వైన్ తాగాలి. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. అంతే.

ఆ సాయంత్రం బకీజియో మంటకి అవతల కూర్చుని ఎదురుచూశాడు. మాంసం ఇరవయ్యారు కుప్పలు పెట్టారు. ఒకడు వీపు తిప్పి నిలబడ్డాడు. జట్టు పెద్ద ప్రేదు ఒక్కో కుప్పా కర్రతో తాకి "ఇదెవరిది?" అంటుంటే, వాడు చూడకుండా పేర్లు చెప్పుకుపోయాడు. గొనారియో పేరొచ్చింది. లేచాడు. బకీజియో ఊపిరి బిగబట్టాడు. గొనారియో కళ్లు తుడుచుకుని, కుప్ప గోతంలో వేసుకుని, మళ్లీ కూర్చున్నాడు. పల్చటి రొట్టె విరుచుకుని, గొర్రెజున్ను పెట్టుకుని తిన్నాడు.

వాడు నోరు విప్పేదాకా ఈ కొండ మీద వాడికి పంది లేదు అనుకున్నాడు బకీజియో. ఎవరితోనూ అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మొదలుపెట్టాడు. తెల్లవారుతుండగా చర్చి ముందు ప్రేదు తన టోపీలో చీటీలు వేసి కాపు చోట్లు పంచేవాడు. గొనారియోకి ఏది పడిందో వింటే చాలు. పంది కన్ను మందం, ముక్కు వాడి. వారమంతా తొడుక్కున్న చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని, గొనారియో వైపు వెళ్లే దారిలో పొదలకి రుద్దేవాడు. ఒక్కోసారి ఆ మలుపులో తనే నిలబడి చిన్నగా ఈల వేసేవాడు. పంది అక్కడిదాకా వచ్చి, ఆగి, గాలి పీల్చి, పక్కకి తిరిగిపోయేది. అవతల ఇంకెవరి తుపాకో పేలేది.

"ఉతకాల్సిన చొక్కాలు శనివారానికల్లా ఎటు పోతున్నాయి?" అని భార్య బొనారియా నిలదీసింది. "ఇంకో ఆడదానికి ఉతకడానికిస్తున్నావా?"

"నా చొక్కా ఉతికే పిచ్చిది ఊళ్లో నువ్వు కాక ఇంకెవరే?"

"అదీ నిజమే," అందామె. అని, చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

మొదటి ఏడాది గొనారియో నవ్వేశాడు. రెండో ఏడు తుపాకీ మార్చాడు. మూడో ఏడు పూజారి చేత తూటాల మీద పవిత్ర జలం చల్లించుకున్నాడు. పందులు మాత్రం అతని దరికి రాలేదు. మాంసం వాటా మాత్రం ఏ ఆదివారమూ తప్పలేదు. చూడకుండా పేర్లు చెప్పేవాడి నోట మంచి తొడ కుప్పకి అతని పేరే పడేది.

"పంది రాకపోయినా పంది కాలు నడుచుకుంటూ నీ ఇంటికే వస్తోందిగా గొనారియో, ఇంకేం కావాలి?" అని జట్టంతా ఘొల్లుమనేది.

గొనారియో నవ్వేవాడు కాదు. మాంసం ఎవరికి కావాలి? కొట్లో దొరుకుతుంది. కొట్లో దొరకనిది ఇంకొకటుంది. చలికి మోకాళ్లు బిగుసుకుపోయి రాతి వెనక కూర్చున్నవాడికి దూరంగా, లోయ అడుగున, నీళ్లలోంచి వచ్చినట్టు ఒక అరుపు వినపడుతుంది. తర్వాత రెండు. అవి కొండ మలుపు తిరుగుతాయి. దగ్గరవుతాయి. ఎండుటాకులు కదులుతాయి. మనిషి వయసు, అప్పులు, కోడలి మాటలు అన్నీ రాలిపోయి, చెవులూ గుండే మాత్రమే మిగులుతాయి. ఆ కాసేపటి కోసమే ఏడాదంతా బతుకుతారు. పంది పడ్డాక దాని దగ్గరికెళ్లి నిలబడితే, అది అంతసేపూ వినపడినదాని కంటే చిన్నగానే ఉంటుంది. ఎప్పుడూ అంతే.

గొనారియోకి నాలుగేళ్లుగా అరుపులు దూరమవడమే వినపడింది. వస్తూ వస్తూ, సరిగ్గా గుండె మేలుకునే చోట, పక్కకి వెళ్లిపోయేవి. అతని భుజాలు ఒంగిపోయాయి. సారాకొట్లో గొప్పలు మానేశాడు. తాగే గిన్నె కూడా రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు.

లోయలో ముళ్ల మధ్య పరుగెత్తే బకీజియో మాత్రం యాభై ఎనిమిదేళ్లకి ఇరవై ఏళ్లవాడిలా అయ్యాడు. శుక్రవారం నుంచే అతనికి ఆకలేసేది కాదు. గాలెటుందో, గొనారియోకి ఏ చోటు పడుతుందో, ఎక్కడ అడ్డుకోవాలో అవే ఆలోచనలు. పందిని తోలడం ఎప్పుడో చేతికొచ్చిన పని. ఇది కొత్తది, కష్టమైనది, రెండు కాళ్ల మీద నడిచి మాటలాడేది.

ముసలి ప్రేదు ఒకరోజు అతన్ని పక్కకి పిలిచాడు. "నాలుగేళ్ల నుంచి లెక్కపెడుతున్నానురా. ఇన్నిసార్లు ఒక్క మనిషికి గాలి అడ్డం తిరగదు. ఎందుకని నేనడగను. అడిగితే నేను జట్టు పెద్దగా అడిగినట్టవుతుంది. కానీ ఆపు."

"గాలి మీద నాకేం పెత్తనం బాబాయ్?"

"నీ అబ్బ కూడా ఇలాగే అబద్ధమాడేవాడు, ఆకాశం వంక చూసి," అన్నాడు ప్రేదు.

జనవరిలో, ఇంకా మూడు ఆదివారాలున్నాయనగా, గొనారియోకి 'వాకిలి' పడింది. రెండు నిలువు బండల మధ్య సందు అది. అక్కడ కూర్చున్నవాడికి పంది కనపడకుండా పోవడమన్నది ఎవరూ వినలేదు. "ఇవాళ కూడా రాకపోతే నువ్వే పందిలా పాక్కుంటూ రా, మేమే కాల్చి నీకు పుణ్యం కట్టుకుంటాం!" అని అరిచారు. గొనారియో తలొంచుకుని చీటీ జేబులో పెట్టుకున్నాడు. మొహంలో మాత్రం నాలుగేళ్లకి ఒక దీపం వెలిగింది.

ఆ దీపాన్ని చూసే బకీజియో కొండెక్కాడు.

లేచిన పంది పెద్దది, ఒంటరి మగది. రుద్దిన చొక్కాని లెక్కచెయ్యలేదు. ఈలని లెక్కచెయ్యలేదు. గీత గీసినట్టు వాకిలి వైపే దూసుకుపోతోంది. బకీజియో కుక్కల్ని వదిలేసి వాగు బండల మీదుగా, మోచేతుల తోలు లేచిపోతున్నా ఆగకుండా, అడ్డదారిన పరుగెత్తి దాని కంటే ముందుగా సందు ముందుకొచ్చాడు. కోటు విప్పి రెండు చేతులా చాపి దారికి అడ్డంగా నిలబడ్డాడు. పంది పది అడుగుల్లో ఆగింది. దాని ఊపిరి పొగ అతని మోకాళ్లని తాకింది. గుర్రుమని, పక్కకి తిరిగి, పొదల్లో పడిపోయింది. కాసేపటికి అవతలి గట్టు మీద తుపాకీ పేలింది.

బకీజియో వెనక్కి తిరిగాడు. బండల మధ్య గొనారియో నిలబడి ఉన్నాడు. ముప్పై అడుగులు. తుపాకీ ఎత్తే ఉంది. చేతులు చాపిన మనిషిని తుపాకీ గొట్టం మీదుగా చూస్తున్నాడు.

 గొనారియో పెదాలు కదిలాయి. నాలుగేళ్ల ఆదివారాలు ఒక్కొక్కటీ అతని కళ్లలో వెనక్కి నడిచాయి. తుపాకీ దించాడు. కొండ దిగిపోయాడు. వాటా కోసం కూడా ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం గొనారియో, బకీజియో ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. కోటు లోపల ఏదో కదులుతోంది. రెండు గుండీల మధ్య నుంచి తెల్లటి చెవి ఒకటి బయటికొచ్చింది.

"బావా," అన్నాడు గొనారియో. "ఆ డిసెంబరులో..."

"ఆగు."

"చెప్పనీ. నాలుగేళ్లుగా గొంతులో అడ్డంపడింది. ఆ పొద కదిలింది, నేను..."

"ఆగమన్నానా!" బకీజియో గొంతు లోయలో అరిచేటంత పెద్దగా లేచింది. బొనారియా వంటింట్లోంచి తొంగిచూసింది. "మంట దగ్గర చెప్పాల్సింది గుమ్మంలో చెప్తే చెల్లదు. ఆఖరి ఆదివారం చెప్పు. ఇంకా రెండున్నాయి."

గొనారియో అతన్ని తేరిపార చూశాడు. "ప్రేదుని రేపే జట్టుని పోగెయ్యమను, రేపే చెప్తాను. రెండు ఆదివారాలూ నన్ను ఇంకా ఏడిపించాలా నీకు?"

"ఏడిపించాలి."

"నేనసలు వేటకే రాకపోతే?"

 బకీజియోకి ఆ ఆలోచన నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. చెరువులో నీళ్లు ఒక్కసారిగా దిగిపోయినట్టు అతని లోపల ఏదో దిగిపోయింది. గొనారియో అది అతని మొహంలో చూశాడు. కోటు గుండీ పెట్టుకుని, కుక్కపిల్ల తలని లోపలికి నొక్కి, వెళ్లిపోయాడు.

"తప్పు ఒప్పుకోడానికి వచ్చినవాడి నోరు మూయించావు," అంది బొనారియా, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ. "దానికోసమే కదా ఇన్నాళ్లూ నీ చొక్కాలు కుళ్లబెట్టుకున్నావు?"

"చెప్పేస్తే అయిపోతుందే."

"అయిపోవాలనే కదా?"

 బకీజియో వెళ్లి కుక్కలకి నీళ్లు పోశాడు. పోసిన నీళ్లే మళ్లీ పోశాడు.

ఆదివారం తెల్లవారుజామున చర్చి ముందుకి అందరికంటే ముందొచ్చినవాడు బకీజియో. ఒక్కొక్కరే వచ్చారు. ప్రేదు చీటీలు మడిచాడు. గొనారియో జాడ లేదు. బకీజియో వీధి చివరికి చూస్తూ, చూడనట్టు కుక్కల తాళ్లు ముడివేస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. ఆ మనిషిని అతను ఎంత ద్వేషిస్తున్నాడో, వాడు కనపడని ఆ పావుగంటలోనే సరిగ్గా తెలిసింది.

బూట్ల చప్పుడైంది. గొనారియో తిన్నగా టోపీ దగ్గరికొచ్చి చీటీ తీశాడు. 'గాడిద రాయి.' ప్రేదు గట్టిగా చదివాడు. గొనారియో వెళ్తూ వెళ్తూ బకీజియో పక్కన ఆగాడు. భుజాలు నిటారుగా ఉన్నాయి.

"ఏ పొదలో నిలబడతావో ముందే చెప్పు బావా. చూసుకుని కాలుస్తాను."

"చూసుకునే కాలుస్తావుగా నువ్వు. రెండు చెవులూ."

గొనారియో మొహం పాలిపోయింది. తర్వాత, ఎన్నాళ్లకో, పళ్లు కనపడేలా నవ్వాడు. అది స్నేహితుడి నవ్వు కాదు.

ఆ రోజు బకీజియో చొక్కా రుద్దలేదు, ఈల వెయ్యలేదు. కుక్కల అరుపుని గాడిద రాయి వైపే తీసుకెళ్లాడు, నిండుకుండ మోస్తున్నవాడిలా మెల్లగా. వాగు దాటించాడు. మలుపు తిప్పాడు. నాలుగేళ్లలో ఎప్పుడూ రానంత దగ్గరికి తెచ్చాడు. తను రాతికి ఇవతల, పొదలో ఒంగి కూర్చున్నాడు. ఎండుటాకులు కదిలాయి. అరవై అడుగులు. నలభై. అవతల తుపాకీ భుజానికెత్తిన చప్పుడు వినపడింది. దాని వెనక ఒక మనిషి ఊపిరి పట్టుకోలేక ఎగశ్వాస తీస్తున్న చప్పుడు. బకీజియో కళ్లు మూసుకుని దాన్ని విన్నాడు. అతని గుండె కూడా ఆ లయలోనే కొట్టుకుంటోంది.

పాతిక అడుగులు.

అప్పుడు చిన్నగా, మర్యాదగా, దగ్గాడు.