పద్మ తలకు వైర్లు పెట్టిన రోజు

డెబ్బైల నాటి మాట. మేము తిరువూరులో ఉండేవాళ్లం. గొంతునొప్పి, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు మా ఎనిమిదేళ్ల పద్మకు కాళ్లూ చేతులూ వాటంతటవే ఎగిరిపడసాగాయి. మెలకువగా ఉన్నంతసేపూ ఆగేవి కావు. మెదడుకు పరీక్ష చేయించమని డాక్టరు చెప్పడంతో బస్సులో విజయవాడ తీసుకెళ్లాను.

పద్మ తలనిండా వైర్లు అంటించి నన్ను బయట ఉండమన్నారు. కూర్చోలేక, నిలబడలేక వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఆగలేక తలుపు తోసి చూస్తే పద్మ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

"కరెంటు పెట్టి నా పిల్లను చంపేశారండీ!" అని అరుస్తూ వెళ్లి వైర్లన్నీ పీకేశాను.

"అమ్మా, నొప్పి!" అంటూ పద్మ కళ్లు తెరిచింది.

డాక్టరమ్మ నన్ను పట్టుకుని, "నిద్రమందు ఇచ్చామమ్మా. మేమేం కరెంటు పెట్టం. మెదడు ఎలా పనిచేస్తోందో కాగితం మీద గీతలుగా వస్తుంది, అంతే. ఇది ఆ జ్వరం వల్ల వచ్చిందనుకుంటున్నాం, నెమ్మదిగా తగ్గుతుంది" అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "కాళ్లూ చేతులూ కావాలనే ఆడిస్తోందనుకుని ఇంట్లో దాన్ని కొట్టానండీ" అని ఏడ్చేశాను.

మళ్లీ వైర్లు అంటించేటప్పుడు పద్మ నన్ను బయటకు పోనివ్వలేదు. కొట్టిన నా చేతినే గట్టిగా పట్టుకుని నిద్రపోయింది.

ఆరునెలల్లో జబ్బు పూర్తిగా పోయింది. ఆ దెబ్బలు తనకు గుర్తే లేవంటుంది పద్మ. నేను మాత్రం ఆ తర్వాత ఏ పిల్లమీదా చెయ్యి ఎత్తలేదు.