మా చీనీతోటలో మూడు చోట్ల పడిన నీళ్లు

ఇది కరువుతో, పాతాళంతో, విధితో ఒక కుటుంబం చేసిన మహాయుద్ధ గాథ. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నన్ను మా యాడికి ఊరి బస్టాండులో చూసినవాళ్లెవరూ నమ్మరు. నిజానికి ఇది ఒక బోర్డు గేమూ, ఒక పాత క్యాలెండరూ, నా తెలివీ కలిసి తెచ్చిన ఉపద్రవం. మొదటి రెండిటి తప్పేమీ లేదు.

నేనూ, నా స్నేహితులు మస్తానూ, ఏసురత్నమూ ఆదివారాలు ఆడుకునే ఆట ఒకటుంది. ఓడ మునిగి దీవిలో చిక్కుకున్నవాళ్ల కథ. కార్డు తిప్పితే కథలో ఒక సంఘటన వస్తుంది. దాన్ని బట్టి ఏం చేయాలో మనం తేల్చుకోవాలి. మొదటిసారి ముగ్గురికీ ఒళ్లు జలదరించింది. ఐదోసారికి, నేను కార్డు తిప్పకముందే మస్తాన్ శనక్కాయలు ఒలుచుకుంటూ, "పులి వస్తాది, కాలు కొరుకుతాది, తిప్పు" అన్నాడు. కథ తెలిసిపోయిన ఆట నిన్నటి బజ్జీ లాంటిది. ఆకారం ఉంటుంది, ఆశ ఉండదు.

ఇలాంటి ఆటలకు కంపెనీవాళ్లే ఎక్స్‌పాన్షన్లని అదనపు పెట్టెలు అమ్ముతారు. కొత్త చోట్లు, కొత్త మనుషులు, కొత్త గండాలు వచ్చి పాత ఆట లేచి కూర్చుంటుంది. మా ఆటకు అవి ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే నేనే చేస్తానన్నాను. ఎవరైనా నా చేతులు కట్టేయాల్సింది సరిగ్గా అప్పుడే.

దీవి తీసేసి మా చీనీతోట పెట్టాను. మీ వైపు బత్తాయి అంటారేమో. పులి బదులు కరువు. చెట్లు ఎండేలోపు నీటి జాడ కనుక్కున్నవాడు గెలిచినట్టు. నమ్మకంగా ఉండాలని క్యాలెండరు కాగితం వెనక మా పొలాన్ని కొలతలతో సహా గీశాను. సర్వే నంబరు వేశాను. ఎర్ర గుర్తు పెట్టి "నీళ్లు, 240 అడుగులు" అని రాశాను. ఆట పాతబడగానే గుర్తు చోటు మార్చి, ఇంకో ఎక్స్‌పాన్షనని ఇంకో పటం గీశాను. మొత్తం మూడు. మా పొలం మీద దేవుడు కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు.

ఇక మా నాయన సంగతి. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయి. నాలుగేళ్లు పెంచిన చీనీచెట్లు తొలి కాపు ముందు ఆకులు ముడుచుకుంటున్నాయి. మూడో బోరు కూడా తప్పితే చెట్లు కొట్టించడమే. ఆ బోరుకు చోటు తేల్చుకోలేక నలిగిపోతున్న మనిషికి, మంచం మీద నా రెండో పటం దొరికింది.

నువ్వు గీసిందేనా అని అడిగాడు. అవునన్నాను. ఎర్ర గుర్తు నీళ్లదేనా అన్నాడు. నీళ్లదే అన్నాను. ఇన్నాళ్లకు నాయనకు నా ఆట మీద ఆసక్తి పుట్టిందని మురిసిపోయాను కూడా. మర్నాటి నుంచి నా సంగటి ముద్ద మీద అమ్మ నెయ్యి ఎక్కువ వేసింది. మావాడి చదువు ఊరికే పోలేదని నాయన పక్క పొలం ఆయనతో అన్నాడట. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. బీకాం చదివినవాణ్ణి ఆ మాట ఎవరంటారు?

ఆదివారం పొద్దున మేం ముగ్గురం తోటకు వెళ్లేసరికి బోరులారీ వచ్చి ఉంది. నాయన చేతిలో నా పటం ఉంది. నా ఒంట్లోని నీళ్లన్నీ ఒక్కసారిగా చెమటై బయటికొచ్చాయి. బోరు నాకే వేసి ఉంటే సరిపోయేది.

"నాయనా, అది ఆట" అన్నాను.

ఆయన పటాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "సర్వే నంబరు ఏసినావు గదరా."

నేను నోరు తెరిచేలోపు మస్తాన్ పటంలోకి తొంగిచూసి, సాయం చేస్తున్నాననుకుని, "ఇది రెండోది మామా. మూడో దాంట్లో నీళ్లు గట్టు పక్కన ఉండాయి" అన్నాడు.

"యాడ గట్టు? మొదటి దాంట్లోనే బాగా పడినాయి, షెడ్డు కాడ" అన్నాడు ఏసురత్నం. "నేను గెల్చింది ఆడనే."

చుక్క లేని పొలంలో మూడు చోట్ల నీళ్లు పడ్డాయని సాక్షులతో సహా వింటున్నాడు నాయన, పాపం. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పటాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపి, లారీ తెచ్చిన తమిళ డ్రైవరు వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పప్పా, యాడ ఎయ్యాల?"

డ్రైవరు పొలమంతా ఒకసారి పరికించాడు. పది అడుగులు నడిచాడు. కాలితో నేల తొక్కి చూసి, ఇక్కడ అని వేలు చూపించాడు.

దుమ్ము లేచింది. వంద అడుగులు దుమ్ము. రెండొందలు దుమ్ము. నాయన గట్టు మీద కూర్చుని చెట్లనే చూస్తున్నాడు. మా ముగ్గురి మొహాలకూ పిండి పట్టినట్టు దుమ్ము పట్టింది, తుడుచుకునే ధైర్యం ఎవరికీ లేదు. మూడొందలు దాటాక దుమ్ము రంగు మారింది. తర్వాత బురద. తర్వాత నీళ్లు. సన్నగానే, కానీ డ్రిప్పు పెట్టుకుంటే చెట్లకు చాలు. నాయన వెళ్లి ఆ బురదనీళ్లలోనే తల తడుపుకున్నాడు.

మేం మాత్రం కొయ్యబారి నిలబడ్డాం. ఆ చోటు మా ఏ పటంలోనూ లేదు.

"నాలుగో ఎక్స్‌పాన్షన్ ఈడనే పెట్టాల" అన్నాడు మస్తాన్ మెల్లగా.

ఆ బురద సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. ఇకమీదట నేను చేసే ఏ ఆటలోనూ మా పొలం గానీ, సర్వే నంబరు కలిగిన మరే పొలం గానీ ఉండబోదు. నీళ్లు సముద్రంలో మాత్రమే ఉంటాయి.

ప్రమాణం అయ్యాక డ్రైవరు దగ్గరకు వెళ్లి, శిష్యుడిలా చేతులు కట్టుకుని, "ఆడ నీళ్లుండాయని ఎట్ల తెలిసింది అన్నా?" అని అడిగాను.

నీళ్ల సంగతి తనకు తెలియదని, పొలం మొత్తంలో లారీ సమంగా నిలబడే చోటు అదొక్కటేనని చెప్పాడు.