బొట్టు పెట్టిన నోటీసు

గోదావరిఖనిలో నా క్లాసు ఎప్పుడూ మధ్యాహ్నమే పడుతుంది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ అయ్యే వేళకు మీటింగు హాలు కిటికీ అద్దాలు గలగలమంటాయి. కొత్తవాళ్లయితే ఉలిక్కిపడతారు. నా ముందు కూర్చున్న వార్డు ఆఫీసర్లు, కమాన్‌పూర్, రామగిరి వైపు నుంచి వచ్చిన పంచాయతీ కార్యదర్శులు తలైనా ఎత్తరు. ఒకాయన మాత్రం చేతి గడియారం సరిచేసుకుంటాడు. అలాంటివాళ్లకు ప్రమాదం అంటే ఏమిటో, ప్రమాదకరమైన కట్టడాన్ని చట్టప్రకారం ఎలా ఖాళీ చేయించాలో చెప్పడం నా పని.

మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికి ఇక్కడికొచ్చారు. నేను ఇక్కడే పుట్టాను, జుట్టు కూడా ఇక్కడే నెరిసింది. అయినా నేను గొంతు పెంచగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "మీ దిక్కు గట్ల నడుస్తదేమో మేడం" అంటారు. నా దిక్కు ఏదో నాకే తెలియదు. కోపం మాత్రం కచ్చితంగా నాన్న దిక్కుదే.

ఆ కోపమంతా నోటీసుల మీద చూపించేదాన్ని. వాళ్లు రాసే నోటీసులు చూస్తే ఒళ్లు మండేది. ఎవరికి ఇచ్చారో ఉండదు, ఏ ఇంటికో ఉండదు. "ఇంటాయన పేరు, ఇంటి నంబరు లేకపోతే అది నోటీసు కాదు, బజ్జీలు చుట్టుకునే కాగితం. కోర్టులో నిలబడదు. గుండ్రటి ముద్ర వేయండి. అందినట్టు సంతకం తీసుకోండి. రేపు ఏదైనా జరిగితే మిమ్మల్ని కాపాడేది ఆ సంతకమే," అని బల్ల గుద్ది చెప్పాను. ఒక వార్డు ఆఫీసరు, ముప్పై ఏళ్ల మనిషి, అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. వందమందిలో ఒక్కడైనా విన్నాడు కదా అని సంతోషించాను.

వానలు మొదలవుతుండగా ఆయనే ఫోన్ చేశాడు. "మేడం, మీరొక్కసారి మా వార్డుకు రావాలె. నోటీసులిచ్చిన, గానీ ఏందో ఉల్టా అయితున్నది."

వెళ్లాను. ఆ గల్లీలో ఎవరి జాగాకూ కాగితం లేదు. ఎప్పుడో బాయి పనికి, అంటే బొగ్గుగనిలో పనికి, వచ్చినవాళ్లు తలా ఇంత చోటు చూసుకుని మట్టిగోడలు పెట్టుకున్నారు. తర్వాత కాస్త చేయి ఆడినవాళ్లు ఆ మట్టిగోడల మీదే స్లాబు పోసుకున్నారు. అందులో ఒక ఇంటి పక్కగోడ బొజ్జలా బయటికి ఉబ్బి ఉంది. దాని బీటలో నా చెయ్యి దూరింది. ఆ ఇంట్లో ఇద్దరే. బాయిలో పనిచేసి రిటైరై, మోకాళ్లు పోయి మంచానికి అతుక్కున్న ముసలాయన, సందు మొదట్లో పొద్దున్నే బండి మీద బజ్జీలు వేసే ఆయన భార్య. మంచం సరిగ్గా ఆ గోడ వారనే ఉంది.

"నోటీసు అందిందా అమ్మా?" అని అడిగాను.

ఆమె ముఖం విప్పారింది. నన్ను లోపలికి పిలిచి దేవుడి పటాల వైపు చూపించింది. పటాల పక్కన మేకుకు నోటీసు వేలాడుతోంది. లామినేషన్ చేయించి, నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

 ఇది ఇల్లు ఖాళీ చెయ్యమని ఇచ్చిన కాగితం, దండ వేసేది కాదు అన్నాను.

"ఎర్కే బిడ్డా, చదివిపిచ్చుకున్న. కింద ఏమన్న రాసుకోనియ్యి. పైన మా ఆయన పేరున్నది గదా, ఇంటి నంబరున్నది, సర్కారు ముద్రున్నది. ఇన్నేండ్లల్ల గీ ఇల్లు మాది అని ఎవడన్న రాసిచ్చిండా?"

"గోడ పడేట్టుందమ్మా. ఈ వానలకు ఆగదు."

"ఇల్లు ఇడిశి పోతే కాగితం ఉట్టిదైతది. రేపు పట్టాలిచ్చేటోళ్లొచ్చి ఇంట్ల ఎవరున్నరని అడిగితే ఎవరు జవాబు చెప్పాలె?"

మంచం మీది ముసలాయన నవ్వాడు. "బాయిల కప్పు కింద ముప్పై ఏండ్లు పని చేసిన మేడం. గీ గోడ నన్నేం చేస్తది?" అన్నాడు. ఆ ధైర్యానికి ఏ సెక్షను ఎత్తి చూపాలో తెలియలేదు.

బయటికొచ్చేసరికి గుంపు కట్టారు. మాకూ ఒక నోటీసు ఇప్పించు మేడం, మా గోడ కూడా పగిలింది అని. ఒకాయనైతే గడ్డపార పట్టుకుని తన ఇంటి బీటను ఇంకాస్త పెద్దది చేస్తున్నాడు, అధికారికి కనబడాలని. కొరివితో తల గోక్కోవడం అంటారే, దాన్ని కళ్లారా చూశాను. వాణ్ని తిట్టాను. గడ్డపార కింద పెట్టి, "మరి గీ బీట సరిపోతదా మేడం?" అన్నాడు వినయంగా.

పంతం పట్టి నోటీసు నమూనా మార్చి రాయించాను. అడుగున పెద్ద అక్షరాలతో "ఇది హక్కు పత్రం కాదు" అని చేర్పించాను. గల్లీవాళ్లు ఆ ఒక్క వరుసను కత్తిరించేసి, మిగతాది లామినేషన్ చేయించుకున్నారు.

బలవంతంగా ఖాళీ చేయించమని ఆఫీసరుకు చెప్పాను. చట్టంలో ఆ అధికారం ఉంది, నేనే పాఠం చెప్పాను. "ఆ ముసలి కాకను మంచంతోని ఎత్తుకపోత మేడం. ఏడ దించాలె?" అన్నాడు. కమ్యూనిటీ హాలు అడిగితే మూడు రోజులకు ఇస్తామన్నారు, ఆ తర్వాత అందులో పెళ్లి ఉందట. ఆ మాట ముసలాయన భార్యకు చెప్పడానికి నేనే వెళ్లాను. "నాలుగో దినం?" అని అడిగింది.  కనీసం మంచమైనా ఇటు జరపమ్మా అని బతిమాలాను. ఇటు స్లాబు కారుతుంది, ఆయన తడిసిపోతాడు అంది. అది కూడా నిజమే. తలుపు దగ్గర నిలబడి, ఉబ్బిన గోడ వైపు, నీళ్లు కారుతున్న కప్పు వైపు మార్చి మార్చి చూసి, ఏమీ చెయ్యలేక ఇంటికి వచ్చేశాను. అంత సిగ్గు నా బతుకులో ఎరగను.

నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున ఆమె బండి దగ్గర బజ్జీల పిండి కలుపుతుండగా గోడ పడింది. జనం మట్టి తీసేసరికి ముసలాయన ప్రాణం పోయింది.

నేను వెళ్లేటప్పటికి ఆఫీసరు సందులో తడుస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నోటీసు అందినట్టు రశీదు, దాని మీద ముసలాయన సంతకం. "మీరు చెప్పినట్టే తీసుకున్న మేడం. నాకేం గాదు గదా?" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

"ఏం కాదు" అన్నాను. చట్టప్రకారం అది నిజం. ఆ నిజం చెప్పినందుకు నా నోరు నాకే చేదయింది.

దినాలు అయిపోయాక ఆమె ఆఫీసుకొచ్చింది. ఆ రోజు అక్కడి మీటింగు హాల్లో నా క్లాసు ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. లామినేషన్ చేసిన నోటీసును కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. బొట్టు ఇంకా అలాగే ఉంది.

"ఇది ఆయన పేరు మీదుండె బిడ్డా. ఆయన పాయె. నా పేరు మీద ఒకటి రాసియ్యుమనవా?"

ఇల్లే లేదు, దేనికని రాస్తారు? ఆఫీసరు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. రాయడానికి చట్టంలో ఒక్క దారే ఉంది. కూలిన గోడ మట్టి, మిగిలిన స్లాబు ప్రమాదకరంగా ఉన్నాయి, వెంటనే తొలగించాలి అని ఇచ్చే నోటీసు. అతను అదే రాశాడు. రాసి, తప్పులుంటే చూడమని నా ముందు పెట్టాడు.

చదివాను. ఆమె పేరుంది. ఇంటి నంబరుంది. కారణం స్పష్టంగా ఉంది, ముద్ర గుండ్రంగా పడింది. ఆమె వేలిముద్ర వేసి, కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

నేను చెప్పిన పాఠంలో ఒక్క ముక్క కూడా అతను వదల్లేదు.