బిగించని క్లాంపులు

సింగపూర్ షిప్‌యార్డులో వెల్డింగు చేసే ఆ శ్రీకాకుళం మనిషి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సాఫ్ట్‌వేర్ జీతాలు ఎగబాకుతున్న రోజులు. మా ఆయన పాత అమెరికన్ కారొకటి కొని, దానికి గర్జించే సైలెన్సర్ కావాలన్నాడు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు కంపెనీ బయట పనిచేస్తూ దొరికితే ఇండియాకి పంపేస్తారని తెలిసి కూడా, ఆదివారం అతన్ని బిషాన్ పేటలో మా కాండో అపార్ట్‌మెంట్ల కార్ పార్కుకి పిలిపించాడు.

“ఇప్పుడే బిగించకండి బాబూ. పైపంతా వదులుగా తగిలించి, ఎక్కడా రాసుకోలేదని చూసుకున్నాక బిగిద్దాం,” అంటూ అతను పైపుని పట్టి ఉంచే ప్రతి క్లాంపునూ వేలితో తడిమేవాడు.

బిగించాల్సిన క్లాంపులు ఇంకా రెండు మిగిలుండగా తమిళ గార్డు వచ్చి ఇతనెవరని అడిగాడు.

“తెలీదు లా, ఊరికే చూస్తున్నాడు,” అన్నాడు మా ఆయన సింగపూర్ యాసలో.

ఆ వెల్డింగు మనిషి గేటు దాటాడు. దాటినవాడు అలాగే పోకుండా వెనక్కొచ్చి, గార్డు చూస్తుండగానే పక్కనున్న నాకు కారు కిందికి వేలు చూపించాడు.

“అమ్మా, ఎనక రెండూ బిగించలేదు. బాబుని బండి తియ్యొద్దనండి.”

గార్డు అతని పర్మిట్ కార్డు అడిగి తీసుకున్నాడు. అతను నా వైపు చూశాడు. కూరగాయల కొట్లో కూడా వాదన గెలిచి వచ్చే నేను, మేమే పిలిచామని ఒక్క మాట చెప్పలేదు.