బొగ్గు ముక్క లేని పార్సిల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. 'ఆ రోజుల్లో' అన్నానని మరీ వెనకటి ముచ్చట అనుకునేరు. గట్టిగా మూడేళ్ళు కూడా కాలేదు. కాని ఒళ్ళోకి ఒక పిల్లవాడు వచ్చాక, వాడికి ముందరి కాలమంతా ఇంకెవరికో జరిగినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు నాకు ఏదీ రూఢిగా తెలియదు. వాడు ఏడిస్తే ఎందుకో తెలియదు, ఏడవకపోతే ఎందుకు ఏడవడంలేదో తెలియదు. (ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి వాడి ముక్కు కింద వేలు పెట్టి చూశాను. ఊపిరి బాగానే ఆడుతోంది.) అప్పుడు అలా కాదు. హైదరాబాదులో ఇంటర్మీడియట్ ముగించి ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చిన కొత్త. ఆరోగ్యశాస్త్రం, ఇంగ్లీషు వ్యాసరచన, ఉన్ని అల్లకం, మూడింట్లోనూ మంచి మార్కులు. వాడకట్టు ఆడవాళ్ళు నన్ను 'కాలేజమ్మ' అనేవారు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

మా అత్తమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన మావారు, ఎల్లారెడ్డి కచేరీలో గుమాస్తా. రెండోవాడు మా మరిది, పొలం చూసుకునేవాడు. నేను కాపురానికి వచ్చిన నాలుగో నెలలో, ఒకనాటి పొద్దున, జొన్న గటక గిన్నె ముందు కూర్చుని మరిది మూతి ముడిచాడు.

"రోజూ గిదేనా అవ్వా?"

"గిది నోటికి పడ్తలేదా? పల్టన్‌ల సర్కారోళ్లు గోధుమ రొట్టెలు పెడ్తున్నరట. పోయి తినుపో!"

అత్తమ్మ కోపంలో అనే మాటలను ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. కుక్కను, కోడలిని, కొడుకును ఒకే గొంతుతో తిట్టి, ఆ మరుక్షణమే ముగ్గురికీ అన్నం పెట్టే మనిషి. ఆ రోజు మాత్రం మరిది గిన్నె పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయాడు. యుద్ధం రోజులు. కామారెడ్డిలో సిపాయిల భర్తీ జరుగుతోంది. మూడోనాడు కబురు వచ్చింది, పల్టన్‌లో చేరిపోయాడని. అత్తమ్మ ఏడవలేదు. "మంచిగైంది. రొట్టె దొరికింది" అని చాట అందుకుంది. ఆ చాటలో బియ్యం లేవని ఆమెకు చాలాసేపటిదాకా తెలియలేదు.

ఏడాది తిరిగాక అతని ఉత్తరం వచ్చింది. ఎక్కడో సరిహద్దు కొండల మీద ఒక చౌకీ. ఊరి పేరు మీద సెన్సారువాళ్ళు నల్ల సిరా పూసేశారు. అత్తమ్మ ఆ మరక మీద వేలు పెట్టి, "దీపం మీద పెట్టి రాసిండా ఏంది, మసి పట్టింది" అంది. పదిమంది సిపాయిలు, రెండు గుడిసెలు, చుట్టూ చలి. పదిహేను రోజులకొకసారి కంచర గాడిదల మీద టపా వస్తుందట. ఉత్తరమంతా "వదినకు" అని నా పేరనే ఉంది. తల్లి గురించి ఒకే ఒక్క మాట: "అవ్వ మంచిగున్నదా?" ఆ ఒక్క మాటను అత్తమ్మ నాచేత నాలుగుసార్లు చదివించుకుంది.

"కోపం పోయిందని గిట్ల ఏమన్న రాసిండా?"

"లేదు అత్తమ్మా."

ఆమె కాసేపు ఆలోచించి, "తినేటివి పంపుదాం. నా చేతిది తిన్న అని రాసిండనుకో, కోపం పోయినట్టే" అంది.

అలా మొదలైంది పార్సిల్ పని. ఆమె పద్ధతి ఆమెది, నా పద్ధతి నాది. దూరాన ఉన్న సిపాయిలకు ఏమేమి పంపాలో నేను ఒక పత్రికలో చదివి ఉన్నాను. ఆ ప్రకారం సబ్బు, పళ్ళపొడి, కాగితాలు, సూదీ దారం సమకూర్చాను. వాటన్నిటికీ తలమానికంగా ఒక జత ఉన్ని మేజోళ్ళు స్వయంగా అల్లాను. (మొదటిది అల్లేటప్పుడు శ్రద్ధ ఎక్కువైంది, రెండోది అల్లేటప్పుడు ఉన్ని ఎక్కువైంది. రెండూ పక్కపక్కన పెడితే తండ్రీ కొడుకుల్లా ఉండేవి. అయినా జతే అని నా వాదన.) అత్తమ్మ మక్కలు వేయించి, ఇసుర్రాయి ముందు కూర్చుని విసిరి, బెల్లం కలిపి సత్తుపిండి చేసింది. ఒక రేకు డబ్బాలో చింతతొక్కు కూరింది. రెండూ కలిపి పాత చీర ముక్కలో మూట కట్టింది. ముడి వేసే ముందు ఆ మూటలో ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు, ఒక ఎండుమిరపకాయ పెట్టింది.

"ఇవెందుకు అత్తమ్మా?"

"తినేది దూరం పోతుంటే ఒట్టిగ పంపుతరా పిల్లా? తొవ్వల గాలి తగుల్తది."

"గాలి అంటే ఆక్సిజను, నైట్రోజను అత్తమ్మా. అంతకన్నా ఏమీ లేదు."

"ఆఁ. ఆ ఇద్దరే తగుల్తరు" అని ఆమె ముడి బిగించింది.

మరునాడు నేనూ మావారూ బస్సులో కామారెడ్డి వెళ్ళాం. అక్కడ పార్సిళ్ళు తీసుకునే మున్షీ సాబు తెల్లగడ్డం పెద్దమనిషి. మా మూటను తక్కెడలో పెట్టి, కళ్ళద్దాలు ముక్కు కొసకు జరిపి, "జర బరువు జ్యాదా అయింది బేటీ. కొంచెం తియ్యాలె" అన్నాడు. ఏది తియ్యాలన్నది నాకు ఒక క్షణం కూడా సందేహం కాలేదు. నా సబ్బు, నా మేజోళ్ళు, నా కాగితాలు పత్రికలో అచ్చయిన జాబితాలో ఉన్నాయి. సత్తుపిండి అందులో లేదు.

"ఇంకో పార్సిల్ కడదామా? అవ్వ మూడు రోజులు కష్టపడ్డది" అన్నారు మావారు, మెల్లిగా.

"బస్సు వెళ్ళిపోతుంది. అయినా తిండి సర్కారు పెడుతోంది కదా. అతనికి కావలసింది శుభ్రత."

పెళ్ళయి రెండేళ్ళు నిండని మగవాడు కనక నా మాటే నెగ్గింది. అత్తమ్మ మూట మా ఒళ్ళోనే తిరుగు ప్రయాణం కట్టింది. ఇంటికి తీసుకువెళ్ళలేం, పారెయ్యలేం. దారి పొడవునా మావారు సత్తుపిండి తిన్నారు. మొదట మొహమాటంగా, తరవాత మొహమాటం లేకుండా. తొక్కు డబ్బా వెనక సీటులో ఉన్న తాడ్వాయిలో దిగే ముసలమ్మకు ఇచ్చేశాం. మిగిలిన మూడు వస్తువులనూ నేనే కిటికీలోంచి బయటికి విసిరాను. పెట్రోలు కరువై బస్సులు బొగ్గు మీద నడిచే రోజులవి. వెనక కట్టిన పొయ్యిలో బొగ్గు రాజుకుంటేనే మేము ఇల్లు చేరేది. అలాంటి బస్సులో కూర్చుని, బొగ్గు ముక్క మూఢనమ్మకమని మావారికి ఉపన్యాసం ఇచ్చాను. ఆయన నోటినిండా సత్తుపిండి ఉండటం వల్ల జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నాకు శిక్ష. అత్తమ్మ రోజుకొకసారి పని మధ్యలో ఆగి, "ఇయ్యాలటికి అందింటది కదా?" అనేది. ఇంకో నాడు, "పదిమందిల పెట్టుకుని తింటాండో, ఒక్కడే దాసుకుంటాండో" అనేది. "దాసుకోడు. చిన్నప్పటి సంది పెట్టే చెయ్యే వానిది." నేను తల ఊపేదాన్ని. కాలేజీలో తల ఊపడం నేర్పలేదు, అయినా బాగా వచ్చేసింది.

చివరికి ఉత్తరం వచ్చింది. అత్తమ్మ పెరట్లో కందులు ఆరబోస్తోంది. చేతులు కొంగుకు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను.

"వదినా, మీ పార్సిల్ అందింది. సబ్బు మంచిగున్నది గాని ఇక్కడ నీళ్లు గడ్డ కడ్తయి, తానం లేదు. మేజోళ్లల్ల ఒకటి నా కాలికి పట్టింది. రెండోది మా హవల్దారు చాయ్ కేతిలికి తొడిగిండు. చాయ్ ఇప్పుడు సల్లారుతలేదు. అందరు మీకు సలాం చెప్పుమన్నరు."

అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వబోయి, కింది వరుస చూసి ఆగిపోయాను. అక్కడ ఇలా ఉంది: "పార్సిల్ మొత్తం ఇప్పి దులిపిన. బొగ్గు లేదు, మేకు లేదు, మిరపకాయ లేదు. అవ్వ చెయ్యి పడలేదని సమజైంది. అవ్వకు కోపం ఇంక పోలేదు. ఎండకాలంల నాకు సెలవు దొరుకుతదంటున్నరు. అవ్వ రమ్మంటే వస్త. లేకుంటే నా సెలవు ఇంకొకనికి ఇస్త, వానికి ఆడపిల్ల పుట్టింది."

"చదువు పిల్లా, ఆగినవేంది?"

ఏం చెయ్యను? వ్యాసరచనలో మంచి మార్కులు వచ్చినదాన్ని. కాగితం మీదికి చూస్తూనే కల్పించాను. "అవ్వ పంపిన తొక్కు చాలా బాగుంది. సత్తుపిండి మెత్తగా, వెన్నలా ఉంది. అందరం తిన్నాం."

అత్తమ్మ నవ్వు ఆగింది. కందుల్లో చెయ్యి పెట్టి కాసేపు అటూ ఇటూ కదిపింది.

"మెత్తగున్నదని రాసిండా?"

"అవును."

"నేను బరకగ ఇసిరిన. వానికి పంటికింద పలుకు తగలాలె, లేకుంటే తినడు. చిన్నప్పటి సంది గంతే." ఆమె నా మొహంలోకి చూసింది. "ఏమైంది బిడ్డా? నిజం చెప్పు. వాడు మంచిగున్నడా?"

అప్పటికిగాని నాకు తెలియలేదు, నేను ఆగిన ఆ కాసేపట్లో ఆమె మనసు ఎంత దూరం పోయి వచ్చిందో. గబగబా చెప్పేశాను. మరిది బాగున్నాడని ముందు చెప్పి, తరవాత మూట సంగతి, బస్సు సంగతి, కిటికీ సంగతి, ఉత్తరంలో నేను చదవకుండా దాటేసిన మాటలు, అన్నీ. చెప్తూ చెప్తూ ఏడ్చాను కూడా. తిడుతుందని ఎదురు చూశాను. తిట్టినా బాగుండేది.

"సత్తుపిండి ఎవలు తిన్నరు?" అంది కందులు సర్దుతూ.

"మీ పెద్దకొడుకు."

"అంతనా?"

"అంతా."

"కడుపునొచ్చిందా?"

"మూడు రోజులు."

"నొయ్యాలె మరి" అంది. అంతటితో నా మీద కోపం ఖర్చయిపోయింది. "పో, కాగితం తే. నేను చెప్త, నువ్వు రాయి. నీ తెలివి కలపకు."

ఆమె అంగట్లో కేకేసినట్టు గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్నాను అత్తమ్మా, మెల్లిగా చెప్పండి అంటే, "నీకు కాదు, వానికి ఇనపడాలె" అంది. "చిన్నోడా, మూట నేను కట్టిన. మీ వదిన తీసేసింది. రాసినవా?" రాశాను. "మీ అన్న తిన్నడు. రాసినవా?" రాశాను. "ఆ పొద్దు నేనన్న మాట తప్పు. రాసినవా?" రాశాను. ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి, "గది కొట్టెయ్యి" అంది. కొట్టేశాను. గోడవైపు తిరిగి కూర్చుని, "మళ్ల రాయి" అంది. మళ్ళీ రాశాను. "సెలవు ఎవనికీ ఇయ్యకు. రా." అంతే ఉత్తరం.

రెండో పార్సిల్‌కు అత్తమ్మ తానే కామారెడ్డి బయలుదేరింది. ఈసారి మున్షీ సాబు తూచడానికి ముందు మూట విప్పమన్నాడు. యుద్ధకాలం కదా, లోపల ఏముందో చూడాలట. బొగ్గు ముక్క, మేకు, మిరపకాయ ఒకదాని తర్వాత ఒకటి బల్ల మీదికి వచ్చాయి.

"ఇదేంది పెద్దమ్మా? లడాయి దినాలు. బొగ్గు, ఇనుము చూస్తే పైవాళ్లు బాంబు అనుకుంటరు."

"మిరపకాయేసి చేస్తరా సాబ్ బాంబు?"

ఆయన గడ్డం కదిలింది. కాని కాయిదా కాయిదానే, నియమం దాటడానికి లేదు. లోపలున్న ప్రతి వస్తువూ, అది ఎందుకు పంపుతున్నామన్నదీ ఇంగ్లీషులో ఫారం మీద రాయాలన్నాడు. ఇద్దరూ నావైపు తిరిగారు. బొగ్గు ఒకటి, మేకు ఒకటి, మిరపకాయ ఒకటి అని రాశాను. ఎందుకు అన్న గడి దగ్గర కలం ఆగింది. చదివిన ఇంగ్లీషంతా వెదికి, చివరికి రాసింది ఇంతే: తల్లి పెట్టినవి, ప్రమాదం లేదు. మున్షీ సాబు రెండుసార్లు చదివి, లక్క కరిగించి, పార్సిల్ మీద ముద్రలు గుద్దాడు. బరువు సరిపోవడానికి నేను పంపబోయిన సబ్బులు నా చేతిసంచిలోనే ఉండిపోయాయి.

ఎండాకాలంలో అతను వచ్చాడు. అప్పటికి నాకు ఏడో నెల. వద్దంటున్నా వినకుండా నేనూ కామారెడ్డి స్టేషనుకు వెళ్ళాను. నల్లబడి, బక్కచిక్కి, ఖాకీ బట్టల్లో ఒక మనిషి దిగాడు. అత్తమ్మ ఎదురు వెళ్ళలేదు. ఉన్నచోటే కూర్చుని వెంట తెచ్చిన టిఫిను గిన్నె మూత తీసింది. అతను వచ్చి ఆమె పక్కన కూలబడి, బూట్లైనా విప్పకుండా తినడం మొదలుపెట్టాడు. కోపం గురించి గానీ, ఉత్తరం గురించి గానీ ఒక్క మాట లేదు. "ఇంకింత ఎయ్యాల్నా?" "ఎయ్యి." అంతే. రైలు వెళ్ళిపోయింది, కూలీలు వెళ్ళిపోయారు. అతను తింటూనే ఉన్నాడు, ఆమె అతని నోటికేసి చూస్తూనే ఉంది.

పన్నెండు రోజులుండి మరిది మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడు ఉత్తరాలు తక్కువ. అత్తమ్మ అడగడం మానలేదు, నేను తల ఊపడం మానేసి ఆమెతో పాటు ఎదురు చూడటం నేర్చుకున్నాను. ఆ జాబితా పట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డ కాలేజమ్మ ఇప్పుడు ఎదురుపడితే కోప్పడాలనిపించదు. కూర్చోబెట్టి, నీకు త్వరలోనే తెలుస్తుందిలే అని చెప్పాలనిపిస్తుంది. మావారికి ఈ మధ్యనే కామారెడ్డికి బదిలీ అయింది, ఆయనకు అక్కడ ఇల్లు దొరికేదాకా నేనూ పిల్లవాడూ ఎల్లారెడ్డిలోనే. నిన్న మావాడు ఎన్నడూ లేనిది రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఇంకే విశేషమూ లేకపోయినా ఆ ఒక్క సంగతీ ఆయనకు ఉత్తరం రాసి, ఇంటర్మీడియట్ దాకా చదువుకున్న నేను, పొద్దున్నే టపాలో వేయించాను. ఆయన కచేరీలో పని ఆపి, ఆత్రంగా విప్పి, ఇంతేనా అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.