హీటరు పక్కన ఉప్పునీళ్లు

“మీకు ముందే తెలుసా, తెలీదా?”

అడిగింది యరేలి, ఏడో తరగతి పిల్ల. అడిగించుకున్నది ఆర్డిస్ క్వామీ, ఆ పిల్లకు పొద్దున సైన్సు పాఠం చెప్పి, సాయంత్రం బడి వదిలాక సైన్సు జట్టును నడిపే టీచరు. పిల్లల ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోవడమే పందొమ్మిదేళ్లుగా ఆర్డిస్ పద్ధతి. వెటకారానికి అనడం లేదు. సైన్సు పోటీలు నడిపేవాళ్ల నియమమే అది: కోచ్ ప్రశ్న వేయవచ్చు, జవాబు చెప్పకూడదు. ఏటా సెప్టెంబరులో ఆ మాట మీద సంతకం పెట్టించుకుంటారు. సంతకం పెట్టి మరిచిపోయే కోచ్‌లే ఎక్కువ. ఆర్డిస్ మాట తప్పడం పాపమనుకునే లూథరన్ క్రైస్తవుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. సంతకం పెట్టాక ఇక అంతే.

ఇది ఎందుకిలా అయిందని ఎవరడిగినా “నీకేమనిపిస్తోంది?” అనేది. మా ఊరి పిల్లలు దాన్ని ఊతపదం చేసుకున్నారు. భోజనాల గదిలో ఎవరైనా కెచప్ ఇటివ్వమంటే చాలు, “నీకేమనిపిస్తోంది?” అని పడీపడీ నవ్వేవాళ్లు.

ఆ ఏడాది పోటీలో పణంగా పెట్టింది కప్పును కాదు, బస్సును. బడి మూడింటికి వదులుతారు. జట్టులో ఉన్నవాళ్ల కోసం ఐదింటికి ఇంకో బస్సు పల్లెదారుల వెంట తిరిగేది. ఊళ్లోని పిల్లలకు అది లేకపోయినా గడుస్తుంది. డెయిరీల పిల్లలకు గడవదు. యరేలి అమ్మానాన్నలు మెక్సికోలోని వెరాక్రూజ్ కొండల నుంచి వచ్చి, ఊరికి పన్నెండు మైళ్ల అవతల ఒక డెయిరీలో సాయంత్రం షిఫ్టు పాలు పితుకుతారు. తండ్రికి కారు తోలడం వచ్చు, వలస కాగితాలు లేనివాళ్లకు ఈ రాష్ట్రంలో లైసెన్సు రాదు. బస్సు లేకపోతే ఆ పిల్లకు జట్టు లేదు.

స్కూలు బోర్డు అధ్యక్షుడు డ్వేన్ హోల్సోకు దాణా దుకాణం ఉంది. నవంబరులో ఆర్డిస్ దాణా కోసం వెళ్తే గల్లా దగ్గరే విషయం తేల్చేశాడు.

“చూడు ఆర్డిస్, నాలుగు కాగితం కప్పుల ప్రయోగం కోసం బస్సు తిప్పుతున్నావేంట్రా అని జనం నన్ను పీక్కుతింటున్నారు. రాష్ట్రపోటీలో మొదటి మూడింట్లోకి రండి, బస్సు ఉంటుంది. రాలేదనుకో, ఇక నా నోరు పెగలదు.”

ఆమె ఒప్పుకుంది. పిల్లలకూ దాచకుండా చెప్పింది.

జట్టు ఎంచుకున్న ప్రశ్న మంచిది. చీజు ఫ్యాక్టరీలో చీజు ముద్దలు నానబెట్టిన ఉప్పునీళ్లను మా కౌంటీవాళ్లు చలికాలంలో రోడ్ల మీద చల్లుతారు. మామూలు ఉప్పు కన్నా అది మంచును తొందరగా కరిగిస్తుందా? ఈ ఆలోచన కోల్టన్‌ది. వాళ్ల నాన్న మంచు తోసే లారీ నడుపుతాడు. “ఆ లారీ ఎక్కితే పాత సాక్సులో కూర్చున్నట్టుంటుంది” అని కోల్టన్ చెప్పగానే ప్రాజెక్టు ఖాయమైంది. సమానంగా తూచిన మంచు ఉన్న కప్పులు, కొన్నింట్లో ఉప్పు, కొన్నింట్లో ఉప్పునీళ్లు, ఇరవై నిమిషాల తరువాత ఎంత కరిగిందో కొలత. లెక్కలన్నీ యరేలివి. ఉప్పునీళ్లు ప్రతిసారీ గెలిచాయి, అదీ చిత్తుగా.

ఎందుకు గెలిచాయో మొదటి వారమే ఆర్డిస్‌కు అర్థమైంది. ఉప్పు బస్తా బయట షెడ్డులో గడ్డకట్టే చలిలో ఉండేది. ఉప్పునీళ్ల బకెట్టు తరగతి గదిలో హీటరు పక్కన. మంచును కరిగిస్తున్నది సగం ఉప్పయితే సగం వెచ్చదనం. ఆ బకెట్టును రాత్రి షెడ్డులో పెట్టండి అని ఒక్క మాట అంటే చాలు, లేదా ఉత్త వెచ్చటి నీళ్లు పోసిన కప్పు ఒకటి పక్కన పెట్టించినా చాలు.

ఆమె అనలేదు. రెండింటికీ తేడాలేమున్నాయని అడిగింది. రంగు, ధర అన్నారు పిల్లలు. కంపు అన్నాడు కోల్టన్. మూడింటినీ బోర్డు మీద రాసి, ఇంకా అని ఎదురుచూసింది. ఇంకేమీ లేవన్నారు. మరో వారం బల్ల మీద థర్మామీటరు మరిచిపోయినట్టు వదిలేసింది. కోల్టన్ దాన్ని తన కోకోలో ముంచి చూసుకున్నాడు.

పిల్ల తనంతట తాను కనుక్కోవాలి అనే మాట వినడానికి ఎంతో బాగుంటుంది. ఆ మాట పుట్టించినవాళ్ల పిల్లలు ఈ ఏడు కనుక్కోకపోతే వచ్చే ఏడు కనుక్కుంటారు. వాళ్ల బస్సు ఎవరూ ఆపరు. వాళ్ల తీరికకు సరిపోయే నియమాన్ని ఆర్డిస్ మా ఊరికి వేదం చేసింది. ఇది మొండితనమే తప్ప బోధన కాదు.

జిల్లా పోటీలో తీర్పరులు ఒక పళ్ల డాక్టరు, ఒక బ్యాంకు మేనేజరు. మా పాడి సీమ గర్వమైన చీజు పేరు వినగానే మురిసిపోయి మొదటి స్థానం ఇచ్చారు. దాంతో తప్పు మరింత లోతుకు దిగింది. రాష్ట్రపోటీకి మూడు వారాలు ఉండగా కూడా ఆర్డిస్ నోరు విప్పలేదు.

మ్యాడిసన్‌లో రాష్ట్రపోటీకి తీర్పరిగా వచ్చింది యూనివర్సిటీ అమ్మాయి. యరేలి చెప్పిందంతా శ్రద్ధగా విని, ఉప్పునీళ్లు పోసేటప్పుడు ఎంత వెచ్చగా ఉన్నాయి అని మామూలుగా అడిగింది.

ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మిగతా జట్టు కన్నా ముందు యరేలికే తెలిసింది. “కొలవలేదు. బకెట్టు హీటరు పక్కన ఉండేది” అంది. తీర్పరి తలూపి రాసుకుంది. అప్పుడు యరేలి తల తిప్పి, తాడు అవతల కోచ్‌ల వరసలో నిలబడ్డ ఆర్డిస్ వైపు చూసింది. పక్కనున్న కోల్టన్ ముఖం పాలిపోయింది. ఆర్డిస్ ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. పిల్లకు అంతా అక్కడే తెలిసిపోయింది.

బయట వరండాలో కోట్లు తగిలించిన చోట నిలదీసింది.

“మీకు ముందే తెలుసా, తెలీదా?”

ఆ క్షణంలో ఆర్డిస్ తెలుసు అన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. పందొమ్మిదేళ్ల అలవాటు ముందు నోట్లోకి వచ్చింది.

“నీకేమనిపిస్తోంది?”

“నవంబరు నుంచీ తెలుసనిపిస్తోంది, మిసెస్ క్వామీ” అని యరేలి కోటు తీసుకుని వెళ్లి, జట్టు వచ్చిన వ్యానులో వెనక సీట్లో కూర్చుంది. తరువాత ఆర్డిస్ క్షమాపణ చెప్పింది, రెండుసార్లు. పర్వాలేదండీ, రూలు కదా అంది పిల్ల, మర్యాదగానే.

ఎనిమిదో స్థానం వచ్చింది. మార్కుల పత్రంలో నూటికి నూరు పడింది ఒక్క గడిలోనే: కోచ్ జోక్యం చేసుకోలేదు. ఏప్రిల్‌లో బోర్డు బస్సు తీసేసింది. డ్వేన్ మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. పిల్లల్ని తన కారులో దించుతానని ఆర్డిస్ అంటే, బీమా ఒప్పుకోదని స్కూలు ఆఫీసు అడ్డం కొట్టింది.

ఇప్పుడు జట్టులో ఐదుగురున్నారు, ఐదుగురూ ఊళ్లోవాళ్లే. యరేలి మూడింటి బస్సెక్కి వెళ్లి దూడలకు పాలు పడుతుంది. క్లాసులో అడిగినవాటికి జవాబు చెబుతుంది, మంచి మార్కులే వస్తాయి. తను అడగడం మాత్రం మానేసింది.

ఆర్డిస్ జూన్‌లో ఉద్యోగం మానుకుంది. మ్యాడిసన్‌లో పిల్లలకు తీసిన హోటల్ గదుల కోసం ఆమె తన కార్డు మీద కట్టిన నాలుగు వందల ముప్ఫై ఎనిమిది డాలర్లు బోర్డు ఇంకా ఇవ్వలేదు.