అరగంట వెనక్కి తిప్పలేని మనిషి

గెరిల్లా యుద్ధం అనగానే మనవాళ్ళకు కొండలు, తుపాకులు, మాసిన గడ్డాలు గుర్తుకొస్తాయి. మైకు దొరికితే చాలు, వీరుల నెత్తుటితో నేల తడిసిందనే దాకా వెళ్తారు. తడిసిన మాట నిజమే. అయితే ఇంగ్లీషువాళ్ళతో సాగిన ఆ పోరాటంలో సగం పని కొండ కింద పట్నంలో, పొద్దున్నే దుకాణం తెరిచి సాయంత్రం మూసుకునే మనుషులు చేశారు. వాళ్ళకు విగ్రహాల్లేవు. విగ్రహం పెట్టాలంటే గడియారాల మేస్త్రీని ఏ భంగిమలో పెట్టాలి? పట్టకారుతో మర పట్టుకుని వంగి కూర్చున్నట్టా?

ఆయన దుకాణం నులకమంచమంత. గోడల నిండా గడియారాలు. అన్నీ ఒక్కసారే గంట కొడితే పక్కనున్న మందుల షాపాయన చేతిలో సీసా జారిపోయేది. మేస్త్రీ భార్య ఆ గడియారాలను ‘నా సవతులు’ అనేది. “నాకు జ్వరమొస్తే సాయంత్రానికి గానీ తెలీదు. దాని ముల్లు రవ్వంత వణికితే అన్నం మానేసి కూర్చుంటారు” అని ఆమె ఫిర్యాదు.

మేస్త్రీకి రెండు విషయాల్లో పేరుంది. ఆయన చేతిలో పడ్డ గడియారం నిమిషం కూడా తప్పదు. ఆయన చేతిలో పడ్డ గడియారం చెప్పిన రోజుకు తిరిగి రాదు. అందరికీ టైము చూపించే మనిషికి టైమంటే లెక్కలేకపోవడం ఏమిటని అడిగితే, “తొందరపడితే అది తప్పు టైము చూపిస్తుంది, అప్పుడు మీకే నష్టం” అనేవాడు. సైనికుల బ్యారక్స్‌లో ఉన్న నాలుగు వాచీలూ ఆ లెక్కన మూడు వారాలుగా ఆయన సొరుగులోనే ఉన్నాయి. అందులో సార్జెంటుది ఒకటి.

మేస్త్రీ బావమరిది, అంటే భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, కొండల్లో తిరిగే దళంలో ఉండేవాడు. వాడు పట్టుబడ్డాడు. గురువారం పదిన్నరకు వాణ్ణి పట్నం జైలు నుంచి ఓడరేవుకు తరలిస్తారని కబురొచ్చింది. అక్కడినుంచి ఓడెక్కించినవాళ్ళెవరూ తిరిగి వచ్చింది లేదు. దళం వాళ్ళ దగ్గర ఒక లారీ ఉంది, దొంగ ఉత్తర్వు ఉంది, సైనికుల దుస్తులు నాలుగు జతలున్నాయి. సరిగ్గా పదిన్నరకు జైలుకు వెళ్ళి, దర్జాగా సంతకం పెట్టి, మనిషిని తెచ్చేసుకోవాలని పథకం. అసలు సైనికులు మాత్రం అరగంట ఆలస్యంగా రావాలి. వాళ్ళు బ్యారక్స్ గడియారం పది కొట్టగానే బయల్దేరతారు. గంట కొట్టందే గేటు తెరవకూడదని సార్జెంటే పెట్టిన రూలు.

ఆ గడియారానికి పదకొండేళ్ళుగా ప్రతి గురువారం పొద్దున తొమ్మిదికి కీ ఇచ్చేది మేస్త్రీయే.

“అరగంట వెనక్కి తిప్పి వచ్చెయ్యండి. అంతే” అంది భార్య.

“అంతేనా!” అన్నాడు మేస్త్రీ. తుపాకీ పట్టమన్నా అంత బెంగపడేవాడు కాదు.

గురువారం వెళ్ళాడు. హాల్లో ఎవరూ లేరు. నిచ్చెనెక్కి కీ ఇచ్చి, కళ్ళు మూసుకుని ముల్లు వెనక్కి తిప్పాడు. దిగి సంచి సర్దుకున్నాడు. బయటికి వచ్చి రోడ్డు దాటాడు. అక్కడ భార్య కూరగాయల బుట్టతో నిలబడి ఉంది.

“అయిందా?”

“అయింది.”

“అరగంటేగా?”

మేస్త్రీ సంచి మరో చేతికి మార్చుకున్నాడు. “ఏమే...”

“ఏమిటి?”

“వచ్చేముందు లోపలి జేబులో వాచీ తీసి పోల్చి చూశా. పదకొండేళ్ళ అలవాటు. తేడా కనిపించింది.”

“కనిపిస్తే?”

“మళ్ళీ నిచ్చెనెక్కి సరిచేసేశా.”

ఆమె బుట్ట కింద పెట్టింది. రోడ్డు మీద కాబట్టి గొంతు పెంచలేదు. “మా తమ్ముణ్ణి ఓడెక్కిస్తున్నారండీ. మీకు ముల్లు వంకరైందని బాధా? వెళ్ళండి లోపలికి. వాడు లేకుండా ఇంటికొస్తే సవతుల్నన్నిట్నీ బావిలో పడేస్తా.”

మేస్త్రీ వెనక్కి నడిచాడు. ఈసారి హాల్లో సార్జెంటు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, గడియారానికి ఎదురుగా. తొమ్మిదీ నలభై. ముల్లు ముట్టుకునే వీల్లేదు.

“మళ్ళీ వచ్చావేం?”

“చప్పుడు బాగాలేదు సార్. లోపల మడ్డి పట్టింది. శుభ్రం చెయ్యాలి.” ఇది అబద్ధం కాదు. మూణ్ణెల్లుగా పట్టే ఉంది.

“కానీ. తొందరగా.”

ఆ మాట మేస్త్రీకి చెప్పకూడదు. ఆయన గడియారం దించి, సార్జెంటు బల్ల మీదే గుడ్డ పరిచి, లోలకం విప్పాడు. పళ్ళచక్రాలు విప్పాడు. ఒక్కో మరనూ వరసగా పేర్చాడు. వరండాలో సైనికులు బూట్లు తుడుచుకుని నిలబడ్డారు. బయట మబ్బు పట్టి, పొద్దు పోల్చుకోవడానికి నీడ కూడా లేదు.

“టైమెంతయింది?” అన్నాడు సార్జెంటు కాసేపటికి.

“మీ బల్ల మీదే ఉంది సార్. బిగించాలి.”

“నా వాచీ ఏది?”

“రేపిస్తాను సార్.”

“మూడు వారాలుగా రేపే అంటున్నావు!”

“తొందరపడితే తప్పు చూపిస్తుంది సార్.”

సార్జెంటు లేచాడు, కూర్చున్నాడు. పళ్ళచక్రం ఒకటి ముట్టుకోబోతే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. “అది పోతే ఇక గంట కొట్టదు సార్.” ఆ మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మేస్త్రీకి చెమటలు పడుతున్నాయి గానీ చేతులు వణకలేదు. చక్రాలు ముందుంటే అవి వణకవు.

చివరి మర బిగించి, గడియారం ఎక్కించి, జేబులోంచి వాచీ తీసి ముల్లు సరిగ్గా పెట్టాడు. “పదీ నలభై సార్. నిమిషం తేడా లేదు.”

సార్జెంటు ముఖం పాలిపోయింది. “నీ దగ్గర వాచీ ఉందా?”

“టైమెంతన్నారు, వాచీ ఉందా అనలేదు సార్.”

అప్పటికే సైనికులు పరుగెత్తారు. జైలు దగ్గర వాళ్ళకు దొరికింది ఖైదీని అప్పగించినట్టు రసీదు. తన బల్ల మీదే తన గడియారం విప్పించుకున్నానని పైకి రాస్తే సార్జెంటు ఉద్యోగం ఊడుతుంది. అందుకని తమ లారీ టైరు పగిలి ఆలస్యమైందని రాశాడు. మరుసటి వారమే ఆయన్ని ఎక్కడికో బదిలీ చేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఒక సభలో, సామ్రాజ్య కాలచక్రాన్ని ఆపిన మహనీయుడంటూ ఒకాయన మేస్త్రీకి శాలువా కప్పాడు. మేస్త్రీ మైకు దగ్గరికి వెళ్ళి, “ఆపలేదండీ, శుభ్రం చేశాను” అని వచ్చి కూర్చున్నాడు.

సభ అయ్యాక దుకాణంలో బావమరిది సొరుగు తెరిచాడు. ఒక వాచీ టిక్కుటిక్కుమంటూ ఉంది.

“బావా, ఇది ఆ సార్జెంటుదేగా? నాకివ్వకూడదూ?”

“కుదరదురా. బాగుచేస్తానని తీసుకున్నా. రోజూ కీ ఇస్తున్నా. ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పను?”

“ఇంకేం చెప్తారు?” అంది లోపల్నుంచి భార్య. “రేపిస్తానంటారు.”